మారు తాళంచెవి

వీధి తలుపుకు తాళం ఉండాల్సిన చోట గుండ్రటి కన్నం కనిపించింది పెద్దక్కకు. ఆ కన్నంలోంచి లోపలి గోడ, గోడ మీద క్యాలెండరు, క్యాలెండరు కింద నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చున్న తమ్ముడు కూడా కనిపించారు. అతని ముందు పాత వార్తాపత్రిక పరిచి ఉంది. దాని మీద పొద్దున తను వెళ్ళేటప్పుడు తలుపుకే ఉన్న తాళం స్క్రూలుగా, స్ప్రింగులుగా, ఇత్తడి పిన్నులుగా విడిపోయి, పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరసగా బారులు తీరి ఉంది.

"ఒరేయ్, మళ్ళీనా!"

"ఒక్క నిమిషం అక్కా," అన్నాడతను తల ఎత్తకుండా.

ఆ ఒక్క నిమిషం మాట వింటే ఈమధ్య పెద్దక్కకు ఒళ్ళు మండుతోంది. ఆ నిమిషంలో అన్నం చల్లారిపోతుంది, పాలు పొంగిపోతాయి, సాయంత్రం రాత్రవుతుంది. అతను మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలడు. తాళాల మేస్త్రి ఇంటికి తాళం లేదని నలుగురికీ తెలిస్తే నవ్విపోతారని కూడా అతనికి పట్టదు.

ఆవిడ బడి పిల్లల యూనిఫారాలు కుట్టే చోట సూపర్‌వైజరు. కుట్టుమిషన్ల చప్పుడు మీద అరిచి అరిచి గొంతు పెద్దదైపోయింది, ఇంట్లో కూడా ఆ గొంతు తగ్గదు. వయసులో తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆ వీధిలో ఆవిడను పెద్దక్కా అనే పిలుస్తారు. భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చేసింది. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. ఎందుకురా అంటే "సరిపడే తాళంచెవి దొరకలేదక్కా" అని నవ్వేసేవాడు. జబ్బు పడక ముందు అతనికి అలాంటి జోకులు చాలా ఉండేవి.

అతనిది తండ్రి దగ్గర నేర్చిన పని. ఆ తండ్రి పనితోపాటు రెండు నియమాలు కూడా నేర్పి పోయాడు. యజమాని ఎదురుగా ఉంటే తప్ప తాళం ముట్టుకోకూడదన్నది మొదటిది. కొత్త తాళం బిగించాక మొదటిసారి దాన్ని యజమానే తిప్పాలి, మేస్త్రి పక్కకు తప్పుకుని నిలబడాలి అన్నది రెండోది. ఒకసారి పక్కింటివాళ్ళు కుళాయి కట్టకుండా ఊరెళ్ళిపోయారు. తలుపు కిందనుంచి నీళ్ళు మెట్ల మీదికి దిగుతున్నాయి. వీధి వీధంతా "తియ్యవయ్యా బాబూ" అని మొత్తుకుంది. పెద్దక్క అయితే తిట్టని తిట్టు లేదు. అతను సంచీ ఒళ్ళో పెట్టుకుని, తడిసిన మెట్టు మీదే కూర్చుని, ఇంటాయన బస్సు దిగి వచ్చేదాకా సంచీ విప్పలేదు. ఆ రోజు అందరూ వీడికి పిచ్చి అన్నారు. ఆ తరవాత మాత్రం ఇల్లు కదిలి వెళ్ళినప్పుడల్లా అతని తాళమే కావాలన్నారు.

అలాంటి చేతులకు వణుకు వచ్చింది. ముందు కుడిచేతి బొటనవేలు, తరవాత చెయ్యి మొత్తం. ఆకురాయి పట్టుకుంటే జారేది, అరగదీసిన తాళంచెవి ఏ తాళానికీ పట్టేది కాదు. నడుం నొప్పి అని అబద్ధం చెప్పి కొట్టు మూసేశాడు. నడుం నొప్పి ఉన్నవాడు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం ఏమిటని పెద్దక్క నిలదీసి, రెక్క పట్టుకుని నరాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ అతని పనేమిటో అడిగి తెలుసుకుని, అతనికి తెలిసిన మాటల్లోనే చెప్పింది. మెదడులో డోపమైన్ అనే పదార్థం ఒకటి తయారవుతుందట. ఒళ్ళు కదలాలంటే లోపల కొన్ని తాళాలు తెరుచుకోవాలి, వాటికి తాళంచెవి ఆ డోపమైనే. దాన్ని తయారుచేసే కణాలు అతని మెదడులో ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. మొదటి మాత్ర, మిగిలిన కణాలకు తాళంచెవులు చేసుకోవడానికి ముడిసరుకు ఇస్తుంది. కొన్నాళ్ళు అది బాగానే పనిచేసింది. తరవాత పూట పూటకూ మధ్యలో మందు బలం తగ్గి, చెయ్యి మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. అప్పుడు డాక్టరమ్మ రెండో మాత్ర కలిపింది.

"ఇది డోపమైన్ కాదు. దానిలాగే ఉండి, దాని తాళాల్లోనే దూరి తిరుగుతుంది," అంది.

"మారు తాళంచెవి అన్నమాట," అన్నాడు మేస్త్రి.

"అదే. అయితే ఒక్క మాట. ఇది వాడేవాళ్ళలో కొందరికి కొత్త అలవాట్లు పట్టుకుంటాయి. జూదం ఆడటం, అదేపనిగా తినడం, అక్కర్లేనివన్నీ కొనడం. అలాంటిదేమైనా కనిపిస్తే వెంటనే నాకు చెప్పండి."

పెద్దక్క పకపకా నవ్వింది. "మావాడా! టీ కూడా తాగడు డాక్టరమ్మా."

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఆవిడకు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఎందుకంటే, మందు కలిపిన కొద్ది వారాలకే చేతులు తిరిగొచ్చాయి. గుండీలు పెట్టుకున్నాడు, ముద్ద చిందకుండా అన్నం తిన్నాడు. పై వాటాలో ఉండే లెక్కల మేడం బీరువా తాళంచెవి పోగొట్టుకుంటే, ఆవిడ ఎదురుగా కూర్చుని కొత్తది చేసిచ్చాడు. ఆ రోజు అక్కా తమ్ముళ్ళిద్దరూ ఒకళ్ళకు తెలియకుండా ఒకళ్ళు ఏడ్చారు. "చెయ్యి సాగుతోంది కదా, పాత తాళాలేమైనా ఉంటే సాధన చేసుకుంటానక్కా" అన్నాడతను. పెద్దక్క పాతసామాన్ల కొట్టుకు వెళ్ళి, తుప్పు పట్టిన తాళాలన్నీ ఏరి, గోనెసంచీడు భుజాన వేసుకుని మోసుకొచ్చింది. అవి అయిపోతే ఇంకో సంచీ తెచ్చింది. మా తమ్ముడు మళ్ళీ పనిలో పడ్డాడని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంది. పనిచేసుకునే మనిషిని జబ్బుమనిషి అనే అలవాటు ఆ ఇంట్లో లేదు. వాళ్ళ నాన్న జ్వరంలో కూడా ఆకురాయి వదలని మనిషి. జూదగాడయితే కనిపెట్టేది, తాగుబోతయితే కనిపెట్టేది. పనిమంతుణ్ణి చూసి అనుమానపడటం ఆవిడకెలా తెలుస్తుంది?

అసలు సంగతి బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది. అతను ఏ తాళాన్నీ బాగుచెయ్యడం లేదు. విప్పుతున్నాడు, పిన్నులు వరసగా పేరుస్తున్నాడు, మళ్ళీ బిగిస్తున్నాడు, బిగించిన దాన్ని మళ్ళీ విప్పుతున్నాడు. పాత తాళాల మీద మోజు తీరాక ఇంట్లోవాటి మీద పడ్డాడు. ట్రంకుపెట్టె, బీరువా, బట్టల సూట్‌కేసు, అన్నిటి నోళ్ళూ తెరిచి పెట్టాడు. స్నానాలగది గడియ కూడా ఊడదీయడంతో, నీళ్ళు పోసుకుంటున్నంతసేపూ పెద్దక్క దగ్గుతూ ఉండాల్సి వస్తోంది. ఇల్లు పీకి పందిరెయ్యడం అంటే మాటవరసకు అనుకునేది ఇన్నాళ్ళూ. ఇప్పుడు కళ్ళారా చూస్తోంది.

"లే. లేచి ముందు ఆ తాళం బిగించు," అంది చేతిసంచీ బల్ల మీద విసిరికొట్టి. "పొద్దుట్నుంచీ తలుపుకి తాళం లేకుండా కూర్చున్నావు. తిన్నావా?"

"ఒక్క నిమిషం."

"నీ నిమిషం తగలెయ్య! ఇక నా వల్ల కాదురా. రేపే వెళ్ళి డాక్టరమ్మతో చెప్పేస్తాను."

ఆ మాటకు అతను తల ఎత్తాడు. పట్టకారు కింద పెట్టాడు. రెండు చేతులూ ముందుకు చాచి ఆవిడ మొహం దగ్గరగా పెట్టాడు.

"చూడు. వణుకుతున్నాయా?"

పెద్దక్క మొహం పక్కకు తిప్పుకుంది.

"చెప్పావంటే ఆ మాత్ర తీసేస్తారక్కా. అప్పుడు ఇవి పోతాయి. ఇంకేం మిగుల్తుంది నాకు? ఎవర్నైనా కొట్టానా, తిట్టానా? తాళాలేగా విప్పుకుంటున్నాను. చెప్పకక్కా, నీకు దండం పెడతాను."

పెట్టాడు కూడా. ఆ చేతులు అలా నిలకడగా ఒకదానికొకటి ఆని ఉంటే చూసి ఎన్నాళ్ళయిందో. పెద్దక్కకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కంచంలో అన్నం పెట్టి తీసుకొచ్చి, చిన్నపిల్లాడికి తినిపించినట్టు తనే కలిపి నోట్లో పెట్టింది. అతను నములుతూనే పిన్నులు సర్దాడు.

అయినా మనసు ఊరుకోక, తమ్ముడికి చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళింది. మాత్ర తగ్గించమని కాదు, ఊరికే అడుగుదామని. నరాల విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. ఆయాసపడుతూ ఎక్కి, కిటికీ వెనక కూర్చున్న అతనికి సంగతంతా చెప్పింది.

"ప్రవర్తనలో మార్పంటే మా దగ్గర కాదమ్మా. మానసిక విభాగం. కింద," అన్నాడతను.

కిందకు దిగింది. అక్కడ ఇంకో కిటికీ, ఇంకో అతను. "ఏం మందులు వాడుతున్నారు? వణుకుడు జబ్బుకా? అయితే అది నరాల వాళ్ళు చూడాలి. పైన."

"పైనుంచే వస్తున్నాను నాయనా."

"మీరు వాళ్ళ దగ్గర కాగితం రాయించుకొస్తే చూస్తాం."

మళ్ళీ ఎక్కింది. డాక్టరమ్మ సెలవులో ఉందని, వచ్చేవారం వస్తుందని తెలిసింది. మళ్ళీ దిగింది. మోకాళ్ళు పట్టేశాయి.

"మనిషికి మెదడు ఒక్కటే కదయ్యా," అంది కింది కిటికీ అతనితో. "దానికి ఈ రెండంతస్తులేమిటి?"

"ఈ బిల్డింగు నేను కట్టలేదమ్మా," అన్నాడతను.

అతని తప్పు లేదని తెలిసినా, ఆ కిటికీ అద్దం బద్దలు కొట్టాలనిపించింది. ఇంటికి నడుస్తూ ఆసుపత్రిని తిట్టింది, లిఫ్టును తిట్టింది, కిటికీల వాళ్ళిద్దర్నీ తిట్టింది. కానీ డాక్టరమ్మ లేకపోవడం తనకు ఎక్కడో హాయిగానే ఉందన్న సంగతి కూడా ఆవిడకు తెలుసు. చెప్పాల్సిన రోజు ఇంకో వారం వెనక్కి పోయింది. ఆ చేతులు ఇంకో వారం ఉంటాయి.

ఆ వారం గడవనే లేదు.

ఓ మధ్యాహ్నం కుట్టుపని మధ్యలో పెద్దక్కకు లెక్కల మేడం నుంచి ఫోను వచ్చింది. "ఒకసారి ఇంటికి రాగలరా?" అని మాత్రమే అంది. ఆ గొంతులో ఉన్న మర్యాదకే పెద్దక్క లేచి నిలబడింది. సగం కుట్టిన చొక్కాలు అలాగే వదిలేసి పరుగున వచ్చింది.

పై వాటా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు తమ్ముడు. పక్కన తువ్వాలు పరిచి ఉంది. తువ్వాలు మీద మేడం ఇంటి తాళం విడి విడి భాగాలుగా ఉంది. వెనక ఆవిడ తలుపు బార్లా తెరిచి ఉంది. బడి నుంచి పెందలాడే వచ్చిన మేడం, పుస్తకాల సంచీ భుజాన అలాగే ఉంచుకుని, తన ఇంటి ముందు తనే పరాయిమనిషిలా నిలబడి ఉంది.

"ఏదీ పోలేదు పెద్దక్కా. లోపలికి కూడా వెళ్ళలేదనుకుంటాను," అంది మేడం. "నేనెవరికీ చెప్పను. కానీ... ఏమీ అనుకోకండి. రేపు వేరే మేస్త్రిని పిలిపించి తాళం మార్పించుకుంటాను."

వేరే మేస్త్రి. ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది.

"ఏరా," అంది పెద్దక్క. గొంతు పెద్దది కాలేదు. "నాన్న ఏం చెప్పాడురా నీకు?"

అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "తెలుసక్కా," అన్నాడు. "దీని లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూసి బిగించేద్దామనుకున్నాను. వద్దు వద్దు అనుకుంటూనే మెట్లెక్కాను." ఏడుస్తున్నాడు, ముక్కు ఎగబీలుస్తున్నాడు. కింద అతని వేళ్ళు మాత్రం తువ్వాలు మీద పిన్నులు ఏరుతూ, చిన్నదాని పక్కన పెద్దదాన్ని పేరుస్తూనే ఉన్నాయి. ఏడుపుకూ ఆ వేళ్ళకూ ఏ సంబంధమూ లేదు. నీళ్ళు మెట్ల మీదికి పారుతున్నా సంచీ విప్పని మనిషి వేళ్ళు కావవి. పెద్దక్కకు మొదటిసారి భయం వేసింది.

ఆవిడ మెట్టు మీద కూర్చుని ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. అవి విడిపించుకోవాలని చూశాయి.

డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చిన రోజునే ఇద్దరూ ఆవిడ ముందు కూర్చున్నారు. పెద్దక్క దాచకుండా అంతా చెప్పింది. గోనెసంచీలు తనే మోసుకొచ్చిన సంగతి కూడా చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అంది డాక్టరమ్మ.

పెద్దక్క నీళ్ళు నమల్లేదు. "మీరు జూదమన్నారు, తిండన్నారు, కొనుక్కోవడమన్నారు. పని అనలేదు. పని చెయ్యడం కూడా జబ్బేనని మీరనలేదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అనాల్సింది. చేతిపని చేసినవాళ్ళలో ఇలా కూడా వస్తుంది, వాళ్ళు తమ పని మీదే పడతారు. నేను అడగాల్సింది," అంది. తరవాత వివరంగా చెప్పింది. డోపమైన్ తాళాలు కదలికకు ఒక్కదానికే లేవు. ఇష్టం, కోరిక, ఇంకా కావాలనే ఆరాటం, వాటికి కూడా మెదడులో వేరే చోట ఆ తాళాలే ఉన్నాయి. రెండో మాత్ర అక్కడ కూడా తిరుగుతోంది. దాన్ని మెల్లిమెల్లిగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే ఇంకో రకం బాధ మొదలవుతుంది. తగ్గిస్తే ఈ ఆరాటం చాలావరకు పోతుంది. చేతులకు మాత్రం వణుకు తిరిగొస్తుంది. మొదటి మాత్రను కొద్దిగా సర్ది చూస్తాను, మునుపటంత బాగుంటాయని మాట ఇవ్వలేను, అంది.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టుంది మీ వైద్యం," అంది పెద్దక్క. గొంతు గోడ అవతలి దాకా వినిపించి ఉంటుంది. "ఇంత చదువుకున్నారు, ఇన్ని మిషన్లు పెట్టుకున్నారు. చేతులుంచి, ఆ పిచ్చి ఒక్కటీ తీసేసే మందు లేదా?"

"ఇంకా లేదమ్మా," అంది డాక్టరమ్మ. ఆవిడ మొహంలో కూడా అదే చిరాకు కనిపించింది పెద్దక్కకు. ఆ మాట రోజూ ఎంతమందికి చెబుతుందో.

డాక్టరమ్మ మేస్త్రి వైపు తిరిగింది. "మీరేమంటారు?"

మేస్త్రి అక్క వైపు చూశాడు. "నీ ఇష్టం అక్కా."

"నా ఇష్టమేమిట్రా! చేతులు నీవి!" అని కసిరింది పెద్దక్క. ఇన్నాళ్ళూ చెప్పకుండా మోసిన బరువు చాలనట్టు, ఈ నిర్ణయం కూడా తన నెత్తినే పెడతాడా అని ఒళ్ళు మండిపోయింది.

అతను చేతుల వంక చూసుకున్నాడు. అవి కుర్చీ చేతికి ఉన్న స్క్రూను వెతుక్కుంటూ వెళ్ళాయి. వెనక్కి లాక్కుని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ రోజు మేడం తలుపు దగ్గర ఈ చేతులకి యజమాని లేడక్కా," అన్నాడు. "తగ్గించమను."

మాత్ర తగ్గుతూ వచ్చింది. ఆ రోజులు బాగా గడిచాయని చెబితే అబద్ధం. దిగులుగా గోడకు ఆనుకుని కూర్చునేవాడు, ఊరికే విసుక్కునేవాడు, నిద్రపోయేవాడు కాదు. పెద్దక్క కూడా ఊరికే విసుక్కునేది. ఆరాటం తగ్గుతుంటే వణుకు మెట్టు మెట్టుగా ఎక్కి వచ్చింది. విప్పిన తాళాలన్నీ స్టీలు పళ్ళేల్లో అలాగే ఉండిపోయాయి. వాటి వైపు అతను వెళ్ళడం లేదు. ఇప్పుడు బిగించాలన్నా ఆ చేతులతో బిగించలేడు. ఆ రోజు విప్పిన తాళం మళ్ళీ బిగించనే లేదు కనుక, వీధి తలుపు ఇంకా పురికొసతోనే కట్టి ఉంది.

చివరికి పెద్దక్కే వెళ్ళి పక్క వీధి మేస్త్రిని పిలుచుకొచ్చింది. దారిలో తమ్ముడి గురించి అతనికి ఏమీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. అతను తలుపు చూశాడు, పళ్ళేల్లో పిన్నులు చూశాడు, గోడవార కూర్చున్న మనిషిని చూసి గుర్తుపట్టాడు. చెప్పులు బయట విడిచి వచ్చాడు.

"యజమాని ఎదురుగా ఉండాలండీ," అన్నాడు సంచీ దించకుండానే. "ఎవరు?"

పెద్దక్క నోరు తెరిచేలోగా తమ్ముడు గోడ పట్టుకుని లేచాడు. తలుపు దాకా కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "నేనే," అన్నాడు.

ఆ మేస్త్రి పని చేస్తున్నంతసేపూ అతను అక్కడే నిలబడ్డాడు. వంక పెట్టలేదు, సలహా చెప్పలేదు. చెయ్యి ప్యాంటు మీద అదిరిపోతూ ఉంది. పని అయ్యాక కొత్త తాళంచెవి అతనికి అందించి, వచ్చిన మేస్త్రి పక్కకు తప్పుకుని, వీధి వైపు మొహం తిప్పుకుని నిలబడ్డాడు.

తాళంచెవి తాళం నోటి దగ్గరికి వెళ్ళి ఇత్తడి రేకుకు తగిలింది. టకటక కొట్టుకుంది. పక్కకు జారింది. మళ్ళీ తగిలింది. మేడ మెట్ల మీద లెక్కల మేడం దిగుతూ దిగుతూ ఆగిపోయింది. పెద్దక్కకు లోపల మంట లేచింది. ఆ మాత్ర మీద, ఆ డాక్టరమ్మ మీద, లేని మందు మీద, ఒక్క మనిషికి రెండూ కలిపి ఇవ్వలేని దేవుడి మీద కోపం వచ్చింది. ముందుకు వచ్చి ఆ తాళంచెవి లాక్కుని తనే తిప్పేయబోయింది. చెయ్యి సగం చాచింది కూడా.

"ఒక్క నిమిషం అక్కా," అన్నాడతను.

పెద్దక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. పమిట చెంగు నోట్లో కుక్కుకుని, ఆ తాళంచెవి రేకు మీద కొట్టుకునే చప్పుడు వింటూ నిలబడింది.